దొరగారి షెడ్డులోని మిలిటరీ బండ్లు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఇంజిన్ల మాట మొదలుపెడితే నాకు గడియారం కనబడదని మా ఇంట్లోవాళ్లు కార్యదర్శిగారికి ముందే చెప్పినట్టున్నారు. చీటీ మీద 'ఇరవై నిమిషాలు' అని కింద గీత గీసి మరీ పంపారు.

సంగతి మీలో చాలామందికి తెలిసిందే. డిండి వైపు ఒక ఊళ్లో దొరగారి గడి వెనక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. అందులో పాత మిలిటరీ బండ్లు ఉండేవి. దొరగారికి బండ్ల పిచ్చి. కొన్నవాటిని అమ్మేవారు కాదు, కొన్నిటిని నడిపేవారు కూడా కాదు. ఆదివారం సైకిళ్ల మీద వెళ్లి గోడ సందులోంచి వాటిని చూసి వచ్చినవాళ్లు ఈ సభలో కనీసం పదిమంది ఉంటారు. ఆయన పోయాక బండ్లు ఒక్కొక్కటీ చేతులు మారి చెల్లాచెదురైనాయి. మిగిలిన ఒక్క జీపును వారి మనుమడు మన బడికి ఇస్తామన్నారు. గేటు పక్కన దిమ్మె కట్టి, జీపు నిలబెట్టి, 'నిజాం సైన్యపు జీపు, 1948' అని బోర్డు రాయించాలని సంఘం అనుకుంది. రాయించే ముందు ఒకసారి చూసిపెట్టమని నన్ను అడిగారు. వనపర్తి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, సికింద్రాబాద్‌లో ఈఎంఈ శిక్షణ పొంది, ఇరవై రెండేళ్లు సైన్యం బండ్ల కిందే పడుకున్నవాణ్ణి కాబట్టి అడిగి ఉంటారు.

జీపును చూడటానికి నాకు పది నిమిషాలు పట్టింది. మిగతా బండ్ల జాడ తీయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ రెండూ చెబుతాను.

ముందు ఈ జీపు. రజాకార్లు తిరిగిన జీపని ఊళ్లో అందరూ అంటారు. నేను బానెట్ ఎత్తలేదు, నంబరు చూడలేదు, పక్కన నిలబడి ఎత్తు చూశాను. జీపుల్లో బానెట్ తక్కువ ఎత్తు ఉన్నవి, ఎక్కువ ఎత్తు ఉన్నవి అని రెండు రకాలు. రెండో ప్రపంచ యుద్ధం జీపు బానెట్ తక్కువ ఎత్తులో ఉంటుంది. ఎందుకంటే అందులోని ఇంజిన్‌కు వాల్వులన్నీ పక్కనే, సిలిండర్ బ్లాకులోనే ఉంటాయి, పైన హెడ్డు పలకలాగ చదునుగా ఉంటుంది. తర్వాత విల్లీస్ కంపెనీ ఇన్‌లెట్ వాల్వులను హెడ్డులోకి తెచ్చింది. శక్తి పెరిగింది, ఇంజిన్ ఎత్తూ పెరిగింది. ఆ ఇంజిన్ పట్టడానికి బానెట్‌ను పైకి లేపి 1953 లో సిజె-3బి అనే నమూనా తెచ్చారు. మన దేశంలో మహీంద్రావారు దాన్నే దశాబ్దాల పాటు తయారుచేశారు. మనం చిన్నప్పుడు తహసీల్దారు జీపు, పోలీసు జీపు, ఎన్నికల జీపు అని చూసినవన్నీ ఆ ఎత్తు బానెట్‌వే. దొరగారి జీపూ అదే. 1953 లో పుట్టిన నమూనా 1948 లో మన ఊళ్లలో తిరగడం సాధ్యం కాదు.

'బానెట్ తర్వాత మార్చి ఉండవచ్చు కదా' అని మన లెక్కల సారు అడిగారు. మంచి ప్రశ్న, లెక్కల సార్లే అడగాల్సిన ప్రశ్న. అందుకే మిగతావీ చూశాను. ముందు జాలీకి ఏడు సందులున్నాయి. యుద్ధకాలపు జీపుకు తొమ్మిది ఉంటాయి. హెడ్‌లైట్లు ఈ జీపుకు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. యుద్ధం జీపుకు అవి జాలీ వెనక లోపలికి ఉంటాయి, పైగా రెక్క మర విప్పి వెనక్కి తిప్పితే రాత్రిపూట ఇంజిన్ మీదికే వెలుతురు పడుతుంది. చీకట్లో రిపేరు చేసుకునే సిపాయి కోసం ఎవరో ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది, నాకు చాలా ఇష్టం. ఈ జీపుకు పెట్రోలు మూత పక్కన బయట ఉంది. యుద్ధం జీపులో డ్రైవరు లేచి, సీటు ఎత్తితే గానీ పెట్రోలు పోయడానికి వీలుండదు. ఇక రంగు. బాడీలో నాలుగు చోట్ల రూపాయి బిళ్లంత మేర థిన్నర్, నీటికాగితంతో పొర పొరగా తీశాం. పైన తెలుపు, దాని కింద నీలం, దాని కింద ఎర్ర ప్రైమరు, ఆపైన ఇనుము. మిలిటరీ పచ్చరంగు ఎక్కడా లేదు. ఈ బండి ఒక్కరోజు కూడా సైన్యంలో పనిచేయలేదు.

స్టీరింగు ఎడమవైపు ఉంది కాబట్టి విదేశీ మిలిటరీ బండే అని వాదించినవారూ ఉన్నారు. మన మహీంద్రా జీపులు కూడా ఎన్నో ఏళ్లు ఎడమ స్టీరింగుతోనే వచ్చాయి. వెనక 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని రాసి ఉండేది, మనలో కొందరు ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నదే ఆ జీపుల వెనక. కాబట్టి అది సాక్ష్యం కాదు.

ఇక్కడితో నా పని అయిపోవాలి. కానీ షెడ్డులో ఐదు బండ్లుండేవి. ఇది కాకపోతే మిగిలిన నాలుగింట్లో ఏదైనా 1948 నాటిది కావచ్చు కదా అని మనుమడుగారే అన్నారు. ఆయనది న్యాయమైన మాట. పైగా ఆ షెడ్డు గురించి కాగితం మీద ఏమీ లేదు. అమెరికాలో కాలిఫోర్నియాలో జాక్ లిటిల్‌ఫీల్డ్ అనే ఆయన రెండు వందలకు పైగా ట్యాంకులు, సైనిక వాహనాలు సొంతంగా పోగుచేశాడు. పోలండ్‌లో నది అడుగున దొరికిన జర్మన్ పాంథర్ ట్యాంకును కూడా తెచ్చి బాగుచేయించాడు. 2009 లో ఆయన చనిపోయాక ఆ సంపద ఒక ఫౌండేషన్‌కు వెళ్లింది. కొన్ని మ్యూజియం కోసం ఉంచుకుని మిగతావి 2014 జులైలో వేలం వేశారు. చెల్లాచెదురైనా నష్టం లేదు, ఎందుకంటే ప్రతి బండికీ లాట్ నంబరు, ఫొటో, చరిత్ర అచ్చేసిన కేటలాగు ఉంది. మన దొరగారికి కేటలాగు లేదు. గుమాస్తా రాసిన లెక్కల పుస్తకం ఒకటుంది, చెదలు వదిలినంత మేర. అందులో 'మోటరు సామాను', 'టైర్లు జత', 'పెద్ద బండికి పట్టాలు' అని పద్దులున్నాయే తప్ప ఏ బండో లేదు. ఒక్కచోట మాత్రం 'డిస్పోజల్ జీపు' అని ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని బయలుదేరాను.

డిస్పోజల్ అంటే ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. యుద్ధం ముగిసేసరికి మన దేశంలో మిత్రరాజ్యాల సైన్యాల సామాను గుట్టలుగా మిగిలిపోయింది. జీపులు, లారీలు, గుడారాలు, జెర్రీ డబ్బాలు, బూట్లు. దాన్ని వేలంలో అమ్మారు. తర్వాత మన సైన్యం కూడా కాలం తీరిన బండ్లను అలాగే అమ్ముతూ వచ్చింది. ఊళ్లో 'మిలిటరీ బండి' అంటే యుద్ధంలో పాల్గొన్నదని అనుకుంటాం. చాలామట్టుకు అది వేలంపాటలో పాల్గొన్న బండి.

ఆ డిస్పోజల్ జీపు అచ్చంపేట దగ్గర ఒక తండాలో దొరికింది. దొరికింది అనడం కన్నా, ఉన్నచోటే ఉంది, మనమే వెతకలేదు అనడం సరి. దేవరకొండలో పాత జీపులు బాగుచేసే ఒక మిస్త్రి, 'అన్నా, ఎడమ పక్క చక్రాల బోల్టులు ఉల్టా తిరిగే జీపు ఒకటి నా చేతికి వచ్చింది, తెలియక రెండు బోల్టులు విరిచిన' అని చెప్పాడు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. యుద్ధకాలపు జీపులకు ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది. విప్పాలంటే బిగించే దిక్కు తిప్పాలి. తెలియనివాడు బలం పెట్టి విరుస్తాడు. ఆ మిస్త్రి విరిచిన రెండు బోల్టులే మాకు దారి చూపించాయి.

తండాలో చూస్తే దానికి డీజిల్ ఇంజిన్ ఉంది. బాడీ మొత్తం హైదరాబాద్‌లో కొత్త రేకుతో కట్టించింది. జాలీ వేరు, సీట్లు వేరు, పైన ఇరవైమందిని ఎక్కించుకోవడానికి ఇనుప కడ్డీలు. చూడగానే ఎవరైనా ఇందులో పాతదేముంది అంటారు. బోర్లా పడుకుని కింద చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జీపును రెండు కంపెనీలు చేశాయి. విల్లీస్‌వారు చేసినదాన్ని ఎంబి అంటారు, ఫోర్డువారు అదే నక్షా తీసుకుని చేసినదాన్ని జిపిడబ్ల్యు అంటారు. రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా తయారైనాయి. రెంటి సామానూ ఒకదానికొకటి సరిపోవాలని సైన్యం షరతు, అందుకే పైకి కవల పిల్లల్లా ఉంటాయి. తేడా ఫ్రేములో ఉంది. రేడియేటరు కింద ముందువైపు అడ్డకమ్మి విల్లీస్‌కు గుండ్రటి గొట్టం, ఫోర్డుకు బోర్లించిన తొట్టిలాంటి పలక. ఇంకో ఆనవాలు, ఫోర్డు కంపెనీ తన సామాను తనదేనని తెలియడానికి బోల్టు తలల మీద కూడా ఇంగ్లీషు ఎఫ్ అక్షరం పోతపోసింది. తండా జీపుకు అడ్డకమ్మి పలక. గ్రీజు గీకితే మూడు బోల్టుల మీద ఎఫ్ కనబడింది. ఎడమ ఫ్రేము పైన తుప్పు తుడిస్తే జిపిడబ్ల్యు అక్షరాలు, కింద సగం అంకెలు.

ఇంజిన్ నంబరు చూడకుండా ఫ్రేము ఎందుకు పట్టుకున్నావని అడగవచ్చు. ఇంజిన్ సైన్యంలోనే రెండు మూడుసార్లు మారిపోతుంది. వర్క్‌షాపులో పది జీపులు విప్పి ఏ ఇంజిన్ సిద్ధంగా ఉంటే అది దించుతాం, నేనే దించాను. బాడీ రేకు తుప్పు పడితే మారుస్తారు. ఫ్రేమును మాత్రం ఎవరూ ఊరికే మార్చరు. బండికి పేరు ఫ్రేమే.

అంటే యుద్ధకాలపు జీపు దొరికినట్టే. మరి 1948 లో అది మన దగ్గరుందా? ఇక్కడ ఇనుము ఆగిపోతుంది, కాగితం మాట్లాడాలి. తండా యజమాని తాత నాటి ఆర్.సి. బుక్కును పసుపు గుడ్డలో మూటకట్టి దాచారు. దేవుడి పటాల వెనక ఉంది. అందులో పాత నంబరు, దాని మీద 1989 తర్వాతి ఏపీ 22 నంబరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాకు మారినప్పటిది. మొదటి పేజీలో మొదటి యజమానిగా దొరగారి పేరు. తేదీ పోలీసు చర్య జరిగిన కొన్నేళ్ల తర్వాతిది. కొనుగోలు సైనిక డిస్పోజల్ నుంచి. కనుక ఇదీ ఆ జీపు కాదు. ఇది బర్మాలో తిరిగిందో, అస్సాంలో తిరిగిందో, ఒక డిపోలో మూతపడి ఉందో గానీ, 1948 లో దొరగారి షెడ్డులో మాత్రం లేదు.

మిగతా మూడూ త్వరగా చెబుతాను. ఒకటి జోంగా. జబల్‌పూర్ వాహనాల కర్మాగారంలో 1969 నుంచి చేసిన నిస్సాన్ నమూనా. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్, నీళ్లు తాగినట్టు పెట్రోలు తాగుతుంది. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక రైతు మామిడితోటలో ఉంది. తెల్ల పెయింటు కింద బాణం గుర్తు, పక్కన రెండంకెల సంవత్సరం కనబడ్డాయి. మన సైనిక వాహనాల నంబరు పైకి చూసే బాణంతోనే మొదలవుతుంది, బ్రిటిష్‌వారి నాటి ఆనవాయితీ. ఆ తర్వాతి రెండంకెలు అది సైన్యంలో చేరిన ఏడాది. రెండోది చిన్న ట్రైలరు, జీపు వెనక తగిలించేది. కల్వకుర్తి దగ్గర నీళ్ల డ్రమ్ములు మోస్తోంది. దాని చక్రాలు జీపు చక్రాలే, అందుకే ఇన్నాళ్లు బతికింది. మూడోది లారీ. అది దొరకలేదు. దాని సంగతి తర్వాత.

అసలు ఈ ప్రాంతంలో 1948 జీపు కథలు ఎందుకింత బలంగా ఉన్నాయో కూడా చెప్పాలి. కథ ఊరికే పుట్టలేదు. ఆ ఏడాది సెప్టెంబర్ 13 న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి అడుగుపెట్టింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఆధ్వర్యంలో వచ్చింది. రెండోది విజయవాడ వైపు నుంచి, మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర ఆధ్వర్యంలో. అది మన నల్లగొండ జిల్లా మీదుగానే నడిచింది. కోదాడ, మునగాల, సూర్యాపేట, నార్కట్‌పల్లి. ఆ దారిలో ఎదురుపడింది నిజాం సైన్యపు హైదరాబాద్ లాన్సర్లు. వారి దగ్గర హంబర్, స్టాగ్‌హౌండ్ అనే కవచపు కార్లుండేవి. సూర్యాపేట దాటాక మూసీ వంతెనను కూల్చి వెనక్కి వెళ్లారు. 17 న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 18 న ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయాడు.

హంబర్ బ్రిటన్‌లో చేసింది, ఏడు టన్నుల బరువు. స్టాగ్‌హౌండ్ అమెరికాలో షెవర్లే చేసింది, దాదాపు పద్నాలుగు టన్నులు, రెండు ఇంజిన్లు, టరెట్‌లో 37 మిల్లీమీటర్ల ఫిరంగి. వాటిని చూసినవాడు జీపు అని పొరబడడు. కానీ మన పెద్దలకు వాటన్నిటికీ ఒకటే పేరుండేది, 'మోటరు'. తర్వాతి తరం వాళ్ల కథలు తిరిగి చెప్పేటప్పుడు 'మోటరు' తీసేసి 'జీపు' అని పెట్టింది, ఎందుకంటే వాళ్లకు తెలిసిన మిలిటరీ బండి జీపు. ఆపైన దొరగారి షెడ్డులో జీపు కనబడుతోంది. కథకు బండి కావాలి, బండికి కథ కావాలి. రెండూ కలిసిపోయాయి.

ఆ ఊళ్లో తొంభైకి దగ్గరపడ్డ ఒక పెద్దమ్మ ఉంది. పోలీసు చర్యకు ముందు వానాకాలంలో వాళ్ల అన్నను రజాకార్లు బండిలో ఎక్కించుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. ఆ జీపు దగ్గర నిలబడి ఆమె అన్న కథ చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. ఆ జీపు గురించి ఆమెను అడిగినవాళ్లు మాత్రం లేరు. బోర్డు మీద ఆయన పేరు కూడా రాయాలని మన సంఘంలో ఒక మాట వచ్చింది కాబట్టి, ఆమెకు చెప్పకుండా ఏదీ తేల్చకూడదని నేనూ, మన తెలుగు సారూ వెళ్లాం. 'అమ్మా, ఈ జీపు ఆ కాలంది కాదు' అని ఎలా చెప్పాలో తెలియక సారు దారి పొడుగునా మాటలు కూర్చుకున్నారు. ఆమె మధ్యలోనే ఆపింది.

'గది జీపు అని నేనెన్నడు జెప్పలే బిడ్డా. గది పెద్ద మోటరు. పదిహేను ఇరవైమంది నిలవడి వచ్చిన్రు అండ్ల. మా అన్నను ఎనక నుంచి ఎక్కిచ్చిన్రు. అద్దం ముంగటికి ఒంగి ఉండె.'

అద్దం ముందుకు వంగి ఉందన్న మాట విని నేను సారు మొహం చూశాను, ఆయనకు అర్థం కాలేదు. మామూలు లారీకి ముందు అద్దం వెనక్కి వాలి ఉంటుంది, లేదా నిటారుగా ఉంటుంది. పైభాగం ముందుకు వంగిన అద్దం చాలా అరుదు. యుద్ధకాలంలో కెనడాలో ఫోర్డు, షెవర్లే కంపెనీలు బ్రిటిష్ సామ్రాజ్య సైన్యాల కోసం ఒకే నక్షాతో లక్షల లారీలు చేశాయి. ముక్కు పొట్టిగా ఉంటుంది. ఎండ తళుకు ఆకాశంలోని విమానాలకు కనబడకుండా వాటిలో ఒక రకానికి అద్దాన్ని అలా వంచారు. అవి ఇండియాకు కూడా పెద్ద ఎత్తున వచ్చాయి. చదువు రాని ఒక పదమూడేళ్ల పిల్ల ఏడుస్తూ చూసిన ఆనవాలు, మా వర్క్‌షాపు పుస్తకంలో ఉన్నదానికి సరిపోయింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఈ మాట బయట ఇంకో రకంగా ప్రచారం కాకూడదు. దొరగారి షెడ్డులో దొరకకుండా పోయిన ఆ లారీ కూడా వాళ్లింటి పెళ్లి ఫొటోలో వెనక సగం కనబడుతోంది. దాని అద్దమూ ముందుకు వంగినదే. అంతమాత్రాన అది ఆ లారీయే అనుకోవడానికి వీల్లేదు. అలాంటి లారీలు లక్షల్లో ఉన్నాయి, డిస్పోజల్‌లో ఎందరో కొన్నారు. ఫొటో ఎప్పటిదో పెళ్లికూతురు వయసును బట్టి లెక్కేస్తే పోలీసు చర్య తర్వాతిదే. ఫ్రేము నంబరు, బుక్కు, ఈ రెండూ లేకుండా నేను దాని మీద ఒక్క మాట అనను. ఒక జీపుకు లేని నేరం అంటగట్టడమే ఇన్నాళ్లు జరిగింది. దాన్ని లారీకి మార్చడం కోసం నేను పద్నాలుగు నెలలు తిరగలేదు.

పెద్దమ్మను బోర్డు సంగతి కూడా అడిగాం. 'మా అన్న పేరు మోటరు మీద ఎందుకు రాస్తరు? ఆయన మోటరు నడిపిండా? ఆయన బావి తవ్విండు' అంది. ఊరి పడమర ఆ బావి ఇంకా ఉంది. నీళ్లు లేవు, గట్టు రాళ్లు ఉన్నాయి. అక్కడ పేరు రాయిస్తామని ఊరివాళ్లు సర్పంచ్‌తో మాట్లాడుతున్నారు. అది వాళ్ల పని, మన సంఘం చందా ఇస్తే చాలు, పెత్తనం వద్దు.

మనుమడుగారిని మెచ్చుకోవాలి. 'రజాకార్ల జీపు' అంటే కొనడానికి పట్నం నుంచి మనుషులు వచ్చారు, ధర కూడా చెప్పారు. నా రిపోర్టు చదివి, ఇక ఆ పేరు చెప్పి అమ్మనని, బడికే ఇస్తానని అన్నారు. తండా యజమానికి కూడా ఒక మాట చెప్పి వచ్చాను. 2021 నుంచి కేంద్ర రవాణా శాఖ యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తోంది. ఇరవై వేల రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. కానీ ఇంజిన్, ఫ్రేము, బాడీ మారిస్తే ఇవ్వరు. డీజిల్ ఇంజిన్ దించి పాతది ఎక్కిస్తేనే దారి. పాత ఇంజిన్ తుక్కులోకి పోయింది. 'సార్, నాకు సర్టిఫికెట్ ఏం జేసుకోను, సంతకు పోవాలె' అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే. ఫ్రేము నంబరు ఫొటో తీసుకుని, ఆ ఫ్రేమును మాత్రం కబాడీకి వేయొద్దని మాట తీసుకుని వచ్చాను.

ఇక బోర్డు. సంఘం కోరితే రాసిన పాఠం ఇది: 'మహీంద్రా జీపు, సిజె-3బి నమూనా. ఈ నమూనా 1953 నుంచి. పౌర వాహనం. ఈ ప్రాంతపు రోడ్ల మీద దశాబ్దాలు తిరిగింది. దాత కుటుంబం ఈ బడికి ఇచ్చింది.' కొందరికి చప్పగా అనిపించింది. చప్పగానే ఉండనివ్వండి. బానెట్ మాత్రం తెరిచి పెట్టమని అడిగాను. తొమ్మిదో తరగతి పిల్లలకు సైన్స్ సారు వాల్వులు ఎక్కడుంటాయో చూపించడానికి పనికొస్తుంది, ఆ పని ఏ నిజాం జీపూ ఇంతకన్నా బాగా చేయలేదు.

లారీ జాడ ఇంకా తెలియలేదు. దాన్ని మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు కొన్నదని ఒకరు, జడ్చర్ల దగ్గర తుక్కుకు పోయిందని ఒకరు అంటున్నారు. మీరంతా రేపు ఊళ్లకు వెళ్తారు. పాత మిల్లుల వెనక, బావుల దగ్గర, కంకర మిషన్ల దగ్గర పొట్టి ముక్కు లారీ క్యాబిన్, ముందుకు వంగిన అద్దం చట్రం ఎక్కడైనా కనిపిస్తే దాన్ని గీకవద్దు, కడగవద్దు. ఫ్రేము కుడి, ఎడమ పట్టాల మీద నంబరు కోసం చూసి, పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఆ బండికి కాగితం ఉందా అని ఇంటి ఆడవాళ్లను అడగండి, మగవాళ్లు పారేసిన బుక్కులు వాళ్లే దాస్తారు. ఫొటోలు సంఘం ఆఫీసులో ఇవ్వండి, నేను ప్రతి శనివారం అక్కడ ఉంటాను.